శరణార్థి చేతికి తుపాకీ ఎవరిచ్చారు?

చిత్తూరు నుంచి వేలూరు గంట ప్రయాణం. ఆస్పత్రి పనుల మీద జిల్లా నుంచి రోజూ ఎందరో వెళ్లి వస్తుంటారు, కోట ముందు నుంచే పోతుంటారు. ఆ కోట గోడల మధ్య శ్రీలంక చరిత్ర రెండుసార్లు బందీ అయిన సంగతి మాత్రం ఎక్కువమందికి గుర్తుండదు. 1815లో క్యాండీ రాజ్యం బ్రిటిష్‌వారి పాలైనప్పుడు, అక్కడ ఏలిన నాయక వంశపు ఆఖరి రాజు శ్రీ విక్రమ రాజసింహుణ్ని తెచ్చి ఉంచింది ఇక్కడే. 1832లో ఆయన కన్నుమూసిందీ ఇక్కడే. 1990ల్లో అదే కోటలోని టిప్పు మహల్‌లో ఈలం (శ్రీలంకలో ప్రత్యేక తమిళ రాజ్యం) కోరే తీవ్రవాదులను నిర్బంధించారు. 1995 ఆగస్టులో వారిలో 43 మంది సొరంగం తవ్వుకుని పారిపోయారు.

చిత్తూరు నుంచి మద్రాసు రోడ్డు పట్టుకుంటే రాణిపేట, కాంచీపురం పొలిమేరలు దాటాక శ్రీపెరుంబుదూరు వస్తుంది. 1991 మే 21 రాత్రి రాజీవ్ గాంధీ హత్య జరిగిన ఊరు. స్మారకం రోడ్డు పక్కనే ఉంది.

కాబట్టి శరణార్థుల వల్ల దేశ భద్రతకు ముప్పుందా అన్న ప్రశ్న ఈ ప్రాంతానికి టీవీ చర్చలో పుట్టింది కాదు. సత్యవేడు, నగరి, పుత్తూరు, చిత్తూరు వాసుల్లో చాలామంది తెలుగుతోపాటు తమిళం మాట్లాడతారు. తిరుత్తణి 1960 దాకా ఈ జిల్లాలోదే. జాఫ్నాలో ఏం జరిగినా మద్రాసు పత్రికల మీదుగా మర్నాటికి ఇక్కడికి చేరేది. 1983లో జాలి పడ్డవారే 1991 తర్వాత అనుమానంగా చూశారు. ఆ ఎనిమిదేళ్లలో ఏం మారిందో చూస్తే, శరణార్థి విధానానికీ భద్రతకూ ఉన్న లంకె చాలావరకు అర్థమవుతుంది. శరణార్థి వట్టి చేతులతో వస్తాడు. ఆ చేతిలో తుపాకీ కనిపించిందంటే, దాని వెనుక ఏదో ఒక ప్రభుత్వం ఉండటమే రివాజు. చాలాసార్లు అది ఆశ్రయమిచ్చిన ప్రభుత్వమే.

1983 జూలై 23న జాఫ్నా దగ్గర ఈలం కోసం పోరాడే సాయుధ సంస్థ ఎల్టీటీఈ పన్నిన మెరుపుదాడిలో 13 మంది శ్రీలంక సైనికులు చనిపోయారు. మర్నాటి నుంచి కొలంబోలో తమిళుల ఇళ్లు, దుకాణాలు తగలబడ్డాయి. మన్నార్ వైపు నుంచి పడవలు రామేశ్వరం దారి పట్టాయి. ఆ ఏడాది మొదలుకొని యుద్ధం ముగిసేవరకూ తమిళనాడు చేరినవారు మూడు లక్షల పైచిలుకు. వారిని మండపం శిబిరంలో దించుకుని, పేర్లు రాసుకుని, జిల్లాలకు పంపేవారు. బియ్యం, నెలకు కొంత నగదు ఇచ్చేవారు. ఇది విధానంలో బయటికి కనిపించే సగం.

రెండో సగం గురించి అప్పట్లో గట్టిగా మాట్లాడినవారు తక్కువ. అదే సమయంలో భారత గూఢచార వ్యవస్థ ఈలం దళాలకు శిక్షణ ఇచ్చింది, ఆయుధాలు అందించింది. శిబిరాలు డెహ్రాడూన్ ప్రాంతంలోనూ నడిచాయి, తమిళనాడులోనూ నడిచాయి. తమిళనాడు ముఖ్యమంత్రి ఎంజీఆర్ ఎల్టీటీఈకి నేరుగా డబ్బు సాయం చేశారు. లెక్క స్థూలంగా ఇది: అమెరికా, పాకిస్తాన్‌ల వైపు మొగ్గుతున్న శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే ప్రభుత్వం మీద ఒత్తిడి పెట్టడానికి తమిళ యువకులు పనికొస్తారు, ఆ ఒత్తిడితో ఒప్పందం కుదిరాక ఆయుధాలు దించేస్తారు.

భారత్, శ్రీలంకల మధ్య ఒప్పందం 1987 జూలై 29న కుదిరింది. ఆయుధాలు మాత్రం దిగలేదు. శాంతి పరిరక్షణకని వెళ్లిన భారత సేన అక్టోబరుకల్లా ఎల్టీటీఈతోనే యుద్ధంలో పడింది. 1990 మార్చిలో తిరిగి వచ్చేసరికి దాదాపు 1,200 మంది జవాన్లు ప్రాణాలు కోల్పోయారు. అదే ఏడాది జూన్‌లో ప్రత్యర్థి ఈలం సంస్థ ఈపీఆర్‌ఎల్‌ఎఫ్ నాయకుడు పద్మనాభను, ఆయన సహచరులను మద్రాసు నడిబొడ్డున ఎల్టీటీఈ కాల్చి చంపింది. ఆ నెలలోనే శ్రీలంకలో యుద్ధం మళ్లీ మొదలై కొత్త శరణార్థుల అల వచ్చింది. హంతకులకూ శరణార్థులకూ దారి ఒకటే అయింది. రాజీవ్ హత్య కేసులో శిక్ష పడినవారిలో శరణార్థులుగా పేరు నమోదు చేయించుకుని వచ్చినవారు ఉన్నారు. అందువల్ల భద్రతా సంస్థల భయాన్ని కేవలం ద్వేషమని కొట్టిపారేయడం నిజాయితీ కాదు. అయితే ఆ ముఠా శిబిరంలోని పస్తుల నుంచో నిరాశ నుంచో పుట్టలేదు. దాన్ని నడిపింది ఒక సాయుధ సంస్థ. ఆ సంస్థ తొలినాళ్లలో బలం పుంజుకోవడానికి మన సాయమూ తోడైంది. హత్య వెనుక కుట్రను విచారించిన జైన్ కమిషన్ 1997 నాటి మధ్యంతర నివేదికలో ఈ గతాన్నంతా తవ్వింది. ఆ దుమారంలో గుజ్రాల్ ప్రభుత్వమే పడిపోయింది.

హత్య తర్వాత ఆ మూల్యం చెల్లించింది శిబిరాల్లో ఉన్న మామూలు కుటుంబాలు. పోలీసు నిఘా, హాజరు పట్టీ, బయట తిరగడం మీద ఆంక్షలు వచ్చాయి. 1992లో వేలమందిని ఓడలెక్కించి వెనక్కి పంపడం మొదలైంది. వాళ్లు ఇష్టపడి వెళుతున్నారా, బలవంతం మీద వెళుతున్నారా అన్న విమర్శ రావడంతో, ఐక్యరాజ్య సమితి శరణార్థుల సంస్థ యూఎన్‌హెచ్‌సీఆర్‌ను మద్రాసులో అడుగుపెట్టనిచ్చారు. ఆయుధం ఇచ్చేటప్పుడు శరణార్థికీ దళసభ్యుడికీ తేడా చూడని ప్రభుత్వం, శిక్ష వేసేటప్పుడూ చూడలేదు.

ఇది మన ఒక్కరి కథ అయితే పొరపాటని సరిపెట్టుకోవచ్చు. 1979 డిసెంబరులో సోవియట్ సేనలు అఫ్గానిస్తాన్‌లోకి దిగాక ముప్పై లక్షల మంది పాకిస్తాన్ చేరారు. పెషావర్‌లో జనరల్ జియా ప్రభుత్వం సోవియట్ సేనలతో పోరాడే ఏడు ముజాహిదీన్ పార్టీలను గుర్తించింది. రేషన్ కావాలంటే శరణార్థి కుటుంబం ఆ ఏడింటిలో ఏదో ఒకదాంట్లో పేరు రాయించుకోవాల్సి వచ్చేది. గోధుమపిండికి పార్టీ కార్డు ముడిపెట్టాక, ఆ శిబిరంలో పెరిగిన పిల్లవాడు ఎటు వెళ్తాడో చెప్పడానికి సిద్ధాంతాలు అక్కర్లేదు. నిధులు అమెరికా, సౌదీల నుంచి వచ్చాయి. పంపకం పాక్ గూఢచార సంస్థ చేతుల్లో ఉండేది. అదే పాకిస్తాన్ 2023 అక్టోబరులో అఫ్గాన్లు భద్రతకు ముప్పని ప్రకటించి, పత్రాలు లేనివారు నెలలోపు దేశం విడిచిపోవాలంది. వెళ్లగొట్టినవారిలో పాకిస్తాన్‌లోనే పుట్టి, కాబూల్ ముఖం చూడనివారూ ఉన్నారు.

ఆఫ్రికాలో జరిగింది ఇంతకన్నా ఘోరం. 1994లో రువాండాలో టుట్సీల ఊచకోత సాగించిన సేనలు ఓడిపోయి, జులైలో లక్షలాది హుటూ ప్రజలను వెంటబెట్టుకుని సరిహద్దు దాటి జైర్ (నేటి కాంగో)లోని గోమా చేరాయి. శిబిరాల్లో రేషన్ పంపిణీ ఆ పాత అధికారుల చేతికే చిక్కింది. తిండిని అమ్ముకుని ఆయుధాలు కొన్నారు, తిరిగి వెళ్దామన్నవారిని చంపారు. హంతకులను విడదీయడానికి సైన్యం పంపమని అడిగితే ప్రపంచ దేశాలు మొహం చాటేశాయి. ఫ్రాన్స్‌కు చెందిన సరిహద్దులు లేని వైద్యుల సంస్థ ఆ నవంబరులో శిబిరాల నుంచి తప్పుకుంది. యూఎన్‌హెచ్‌సీఆర్ చివరికి జైర్ సైనికులకే తాను జీతాలిచ్చి కాపలా పెట్టుకుంది. 1996లో రువాండా కొత్త ప్రభుత్వం ఆ శిబిరాల మీద దండెత్తింది. మరుసటి ఏడు జైర్‌లో మొబుటు గద్దె కూలింది. తూర్పు కాంగో నేటికీ కుదుటపడలేదు.

ఆ దండెత్తిన ప్రభుత్వాన్ని నడిపినవారి పుట్టుపూర్వోత్తరాలు కూడా చూడాలి. వాళ్లూ శరణార్థులే. 1959 నుంచి తరిమివేతకు గురై ఉగాండా చేరిన టుట్సీల బిడ్డలు. పౌరసత్వం దక్కలేదు, సొంత దేశం రానివ్వలేదు. ముసెవెని తిరుగుబాటు సేనలో చేరి, ఆయన 1986లో గెలిచాక ఉగాండా సైన్యంలో అధికారులయ్యారు. 1990 అక్టోబరులో ఆ తుపాకులతోనే రువాండాలోకి నడిచారు. ఇప్పటి అధ్యక్షుడు పాల్ కగామే ఆ తరంవాడే. ముప్పై ఏళ్లపాటు ఇటూ కాకుండా అటూ కాకుండా ఉంచడమూ ఒక విధానమే, దానికీ ఫలితం ఉంటుంది.

ఈ వాదనకు ఎదురు చెప్పే ఉదాహరణ జోర్డాన్. అక్కడ పాలస్తీనా సాయుధ దళాలు, అంటే ఫెదాయీలు, ఆశ్రయమిచ్చిన రాజుకే లొంగకుండా ఎదిగి, 1970 సెప్టెంబరులో ఆయన సైన్యంతోనే తలపడ్డారు. వారికీ ఇతర అరబ్ రాజ్యాల అండ ఉన్నమాట నిజం. అయినా ఆతిథ్య దేశం చేయి దాటిపోవడం అన్నది ఊహాజనిత భయం కాదని జోర్డాన్, ఆ తర్వాత లెబనాన్ చూపించాయి.

భారత్ దగ్గర దీనికి భిన్నమైన అనుభవాలూ ఉన్నాయి. టిబెటన్ శరణార్థులతో 1962 నవంబరులో ప్రత్యేక సరిహద్దు దళాన్ని నెలకొల్పారు. అది ఇప్పటికీ భారత సైన్యంతో కలిసి పనిచేస్తోంది. అంటే అవసరమైనప్పుడు శరణార్థికి ఆయుధమివ్వడానికి ఢిల్లీ వెనకాడలేదు. తేడా ఏమిటంటే ఆ ఆయుధం లెక్కలో ఉంది, దానికి పై అధికారి ఉన్నాడు. 1971లో బంగ్లాదేశ్ విమోచన కోసం పోరాడిన ముక్తివాహినికి శిక్షణ ఇచ్చిందీ శరణార్థుల నుంచి వచ్చిన యువకులకే. ఆ ఏడాది తూర్పు పాకిస్తాన్ నుంచి సుమారు కోటి మంది వచ్చారు. ఖర్చు కోసం నవంబరు 15 నుంచి దేశంలో ఎక్కడ ఉత్తరం వేసినా ఐదు పైసల శరణార్థి సహాయ బిళ్ల అదనంగా అంటించాలన్నారు. తిరుమల కొండ మీద డబ్బాలో వేసిన కవరుకూ అది తప్పలేదు. 1973 మార్చి దాకా ఆ పన్ను నడిచింది. కాందిశీకులు మాత్రం యుద్ధం ముగిసిన కొద్ది నెలల్లోనే దాదాపు అందరూ వెళ్లిపోయారు. వెళ్లడానికి ఒక దేశం ఏర్పడింది కాబట్టి వెళ్లారు. తరిమిన కారణం తొలగకుండా తిరుగు ప్రయాణం ఉండదనడానికి ఇంతకన్నా పెద్ద రుజువు దొరకదు. ఆ కారణాన్ని తొలగించడానికి యుద్ధమే అవసరమైందన్నది వేరే, చేదు సంగతి.

తెలుగువాళ్లు ఈ చర్చలో ఎప్పుడూ ఆశ్రయమిచ్చే గృహస్థు స్థానంలోనే కూర్చోవడం కూడా విడ్డూరమే. రంగూన్ రేవులో మూటలు మోసిన తెలుగు కూలీల మీద 1930 మేలో దాడులు జరిగాయి. 1942లో జపాన్ బాంబులకు బర్మా విడిచిన లక్షలాది భారతీయుల్లో తెలుగువాళ్లు ఎందరో. అరకాన్, అస్సాం కొండదారుల్లో రాలిపోయినవారు వేలల్లో ఉన్నారు. 1960ల్లో బర్మా సైనిక పాలకుడు నె విన్ ప్రభుత్వం వ్యాపారాలను జాతీయం చేశాక మరో అల వచ్చింది. విశాఖలో బర్మా క్యాంపు అన్న పేరు అలా మిగిలిందే. వారి వల్ల భద్రతా సమస్య రాలేదు. వచ్చినవారు భారత పౌరులుగా గుర్తింపు పొందారు, పనిలో పడ్డారు, రెండు తరాల్లో కలిసిపోయారు.

ఇక చట్టం సంగతి. 1951 నాటి శరణార్థుల ఒప్పందం మీద గానీ, 1967 ప్రోటోకాల్ మీద గానీ భారత్ సంతకం చేయలేదు. దేశంలో శరణార్థి చట్టమంటూ లేదు. 1946 నాటి విదేశీయుల చట్టం దృష్టిలో ప్రాణభయంతో వచ్చినవాడూ, వీసా గడువు దాటి ఉండిపోయినవాడూ ఒకటే. దాని స్థానంలో 2025లో వచ్చిన ఇమిగ్రేషన్, విదేశీయుల చట్టమూ ఆ తేడాను పట్టించుకోలేదు. ఎవరిని ఉంచాలి, ఎవరిని పంపాలి అన్నది ప్రభుత్వ ఉత్తర్వుల మీద నడుస్తుంది. టిబెటన్లకు ఒక పద్ధతి, శ్రీలంక తమిళులకు మరొకటి, తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన చక్మాలకు ఇంకొకటి. చక్మాల విషయంలో 1996లో సుప్రీంకోర్టు అడ్డుపడి, ప్రాణరక్షణ హక్కు పౌరులకే కాదు, ఈ నేల మీదున్న ప్రతి మనిషికీ ఉందంది. 2021లో రోహింగ్యాల విషయంలో అదే కోర్టు, నిర్దేశిత పద్ధతి పాటించి వెనక్కి పంపవచ్చంది.

ఈ అస్పష్టత ఢిల్లీకి చేతగాక మిగిలింది కాదు, కావాలని ఉంచుకున్నదే. చట్టం ఉంటే అది చైనా మనిషికీ మయన్మార్ మనిషికీ ఒకేలా వర్తిస్తుంది. ఉత్తర్వు అయితే పొరుగు దేశంతో సంబంధాన్ని బట్టి బిగించవచ్చు, వదలవచ్చు. విదేశాంగ నీతికి ఇది అనుకూలమే. భద్రతకు అనుకూలమన్న మాట మాత్రం నిలవదు. ఎందుకంటే భద్రతా సంస్థకు మొదట కావలసింది ఎవరు ఎక్కడున్నారన్న జాబితా, ఆ జాబితాలో పేరు రాయించుకుంటే పట్టుకుని పంపేస్తారని భయపడే మనిషి పేరు రాయించుకోడు.

మిజోరం దీనికి తాజా ఉదాహరణ. 2021 ఫిబ్రవరి 1న మయన్మార్‌లో సైనిక కుట్ర జరిగాక ముప్పై వేలకు పైగా చిన్ ప్రజలు అక్కడికి వచ్చారు. మిజోలకు వారు రక్తబంధువులు. వెనక్కి పంపమని కేంద్రం చెబితే రాష్ట్రం వినలేదు, చర్చిలు, ఊళ్లు బియ్యం సమకూర్చాయి. బయోమెట్రిక్ వివరాలు సేకరించమంటే, వాటిని పంపించేయడానికే వాడతారన్న అనుమానంతో 2023లో రాష్ట్ర మంత్రివర్గం నిరాకరించింది. పక్కనే మణిపూర్‌లో అదే సరిహద్దు, అదే వలస 2023 మే నాటి హింసకు దారితీసిన వాదాల్లో ఒకటయ్యాయి. ఒకచోట బంధువు, మరోచోట చొరబాటుదారు. మనిషి మారలేదు, స్థానిక రాజకీయం మారింది.

రోహింగ్యాల పరిస్థితి ఇంతకన్నా కఠినం. 2017 ఆగస్టు 25న ఆర్సా అనే సాయుధ ముఠా రఖైన్‌లో పోలీసు ఠాణాల మీద దాడి చేసింది. మయన్మార్ సైన్యం దాన్ని సాకుగా తీసుకుని ఊళ్లకు ఊళ్లు తగలబెట్టింది. ఏడు లక్షల మందికి పైగా బంగ్లాదేశ్ చేరారు. కాక్స్ బజార్ శిబిరాల్లో ఇప్పుడు పది లక్షలపైనే ఉన్నారు. బయట పనిచేసే హక్కు లేదు. సహాయ నిధులు తగ్గిన ప్రతిసారీ రేషన్ మీద కోత భయం వస్తుంది. రాత్రిళ్లు ముఠాల రాజ్యం. హైదరాబాద్ బాలాపూర్ గుడిసెల్లో కొన్ని వేలమంది ఉన్నారు కాబట్టి తెలుగు పత్రికల్లో ఈ పేరు తరచు వినిపిస్తుంది, ఎక్కువగా నకిలీ ఆధార్ వార్తల్లో. దొంగ కార్డు నేరమే. కానీ అసలు కార్డు దొరికే దారి ఏదీ లేనిచోట దొంగ కార్డుకు బజారు ఏర్పడుతుంది. ఆ బజారును నడిపే దళారీలు రేపు ఇంకెవరికైనా అమ్ముతారు. ముప్పు అక్కడుంది.

శరణార్థులనే ఆయుధంగా వాడే కొత్త పద్ధతి గురించి ఐరోపాలో చాలా రాశారు. 2021లో బెలారస్ పాలకుడు ఇరాక్, సిరియా వాసులను రప్పించి పోలండ్ కంచె మీదికి తోలాడు. టర్కీ 2016 మార్చి ఒప్పందంతో ఆరు వందల కోట్ల యూరోల హామీ పొంది, 2020లో గేట్లు తెరిచి మళ్లీ బెదిరించింది. ఇందులో కొత్తదనం తక్కువ. ఎదుటివాడి భయానికి వెలకట్టడమే. ఉక్రెయిన్ నుంచి వచ్చిన నలభై లక్షల పైచిలుకు మందికి 2022 మార్చిలో రోజుల వ్యవధిలో నివాసం, పని హక్కులిచ్చిన ఐరోపాయే ఇది. వాళ్లను ఎవరూ ఆయుధంగా వాడలేకపోయారు, భయపడనివాణ్ని బెదిరించలేరు గనుక. నిజానికి భారమంతా ధనిక దేశాల మీదే ఉందన్నదీ అపోహే. 2024 చివరికి ప్రపంచంలో బలవంతంగా ఇల్లు విడిచినవారు 12.32 కోట్లు. శరణార్థుల్లో 73 శాతం మంది ఉంటున్నది పేద, మధ్యాదాయ దేశాల్లో. మూడింట రెండు వంతుల మంది పక్క దేశం దాటి పోలేదు.

తిరుపతికి ఈ విషయం ఎక్కడ తగులుతుందంటే లాడ్జి కౌంటర్ దగ్గర. విదేశీయుడు దిగితే 24 గంటల్లో అతని వివరాలతో ఫారం సి పంపాలన్నది పాత నిబంధనే. 2025 చట్టం హోటళ్లతోపాటు విశ్వవిద్యాలయాలకు, ఆస్పత్రులకూ సమాచారమిచ్చే బాధ్యత పెట్టింది. సరైన పత్రాలు లేకుండా ప్రవేశిస్తే ఐదేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా. కొండకు వచ్చే సింహళ, తమిళ యాత్రికుడి దగ్గర పాస్‌పోర్టు ఉంటుంది, పేచీ లేదు. పారిపోయి వచ్చినవాడి దగ్గర అది ఉండదు, పాస్‌పోర్టు ఇచ్చే ప్రభుత్వం నుంచే పారిపోయి వచ్చాడు. ఆ గుమాస్తాకు చట్టం చెప్పింది పట్టించడమే.

2014 డిసెంబరులో శ్రీలంక అధ్యక్షుడు మహింద రాజపక్స తిరుమల దర్శనానికి వచ్చారు. ఎన్నికలు నెల రోజుల దూరంలో ఉన్నాయి. యుద్ధం ఆఖరి నెలల్లో చనిపోయిన తమిళుల పేరున నిరసనలు తిరుపతి దాకా వచ్చాయి. రాజపక్స ఓడిపోయారు. 2015 జనవరి 9న మైత్రిపాల సిరిసేన ప్రమాణం చేశారు. 2025 సెప్టెంబరులో కేంద్రం ఇచ్చిన మినహాయింపు ఉత్తర్వులో సరిగ్గా ఆ తేదీయే గీత. అంతకుముందు వచ్చి పేరు నమోదు చేయించుకున్న శ్రీలంక తమిళులకు పాస్‌పోర్టు, వీసా లేవన్న నేరం వర్తించదు. మంచి అడుగే. తమిళనాడు శిబిరాల్లో దాదాపు 58 వేల మంది, బయట ఇంకో 34 వేల మంది దాకా ఉన్నారు. వాళ్లలో చాలామంది ఇక్కడే పుట్టారు, తుపాకీ పట్టిన తరం వాళ్లది కాదు. పౌరసత్వం మాత్రం ఈ ఉత్తర్వుతో రాదు. 2019 సవరణ చట్టం పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్గానిస్తాన్‌లనే లెక్కలోకి తీసుకుంది. శ్రీలంక పేరు అందులో లేదు.

గీతకు ఇవతల ఇంకొందరున్నారు. 2022 మార్చి నుంచి, శ్రీలంక ఆర్థికంగా కుప్పకూలి, పాలపొడి, గ్యాస్ దొరకని రోజుల్లో పిల్లలను పడవల్లో ఎక్కించుకుని ధనుష్కోడి ఇసుక తిన్నెల మీద దిగినవారు. వందల్లో ఉంటారు. మండపం శిబిరంలోనే చోటిచ్చారు. వారి వెనుక ఏ సంస్థా లేదు, ఏ ప్రభుత్వమూ వారికి శిక్షణ ఇవ్వలేదు. 2025 ఉత్తర్వు వారికి వర్తించదు, కాబట్టి కొత్త చట్టం ప్రకారం వారు ఇంకా అక్రమంగా ప్రవేశించిన విదేశీయులే.